పురుగు పట్టని గింజలు

సీతారావమ్మ సంచి పట్టుకుని వస్తోందంటే సత్తుపల్లి బజారులో సగం మంది కొట్టువాళ్ళకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఒకడు లోపల మూటలు సర్దబోయేవాడు, ఇంకొకడు టీ తాగివస్తానని గుమాస్తాకు అప్పగించి జారుకునేవాడు. ఆవిడ కొస విరవకుండా బెండకాయ కొన్నది లేదు, ముంజేతికి రాసి వాసన చూడకుండా నెయ్యి కొన్నది లేదు. కందిపప్పు పంటి కింద వేసుకుని కొరికి, ఆ చప్పుడు నచ్చకపోతే మారుమాట లేకుండా పక్క కొట్టుకు నడిచేది. ఆవిడ నడిస్తే చూసేవాళ్ళు కూడా నడిచేవాళ్ళు, అదీ కొట్టువాళ్ళ బాధ.

"పెళ్ళిచూపుల్లో నన్ను కొరికి చూడలేదు, అంతవరకు నా అదృష్టం" అనేవాడు ఆమె భర్త వెంకటనారాయణ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి వేంసూరులో భూమి కొనుక్కుని స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఆయన నెమ్మదైన మనిషి. వక్కపొడి తప్ప ఏ అలవాటూ లేదు. భార్య ఏది పెడితే అది తినేవాడు, బాగుందనేవాడు. ఆ బాగుందన్న మాట కోసమే ఆవిడ ఊళ్ళోవాళ్ళతో అన్ని పేచీలు పెట్టుకునేది.

సరుకు విషయంలో సీతారావమ్మకు ఒక కొండగుర్తు ఉంది. బియ్యం పాతవి కావాలి, నెయ్యి కొత్తది కావాలి, చింతపండు ఆ ఏటిది కావాలి, ఇవన్నీ అందరికీ తెలిసినవే. కానీ ఏ గింజైనా సరే, అందులో ఒక్క పురుగు కనబడితే చాలు, మూట మొత్తం వెనక్కి పోవలసిందే. పురుగు పట్టింది అంటే పాడైంది అని అర్థం. ఆవిడకు వాళ్ళ అమ్మ నేర్పింది అది, వాళ్ళ అమ్మకు అమ్మమ్మ నేర్పింది. మాగాణి అన్నం తిని పెరిగిన ఆ మూడు తరాల్లో ఎవరికీ అరికెల్లాంటి మెట్ట గింజలతో పని పడలేదు.

ఆ సంవత్సరం వెంకటనారాయణకు చక్కెర జబ్బు బయటపడింది. అప్పట్లో ఆ జబ్బు పేరు చెబితేనే జనం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఖమ్మంలో ఒక ప్రకృతి వైద్యుడి దగ్గరికి వెళితే ఆయన మందు మాట తర్వాత, ముందు తెల్లన్నం మానెయ్యమన్నాడు. కొర్రలు, సామలు, అరికెలు తినమన్నాడు. అన్నిటిలోకీ అరికెలు మంచివన్నాడు. అవి ఎక్కడ దొరుకుతాయని అడిగితే, భద్రాచలంలో అడవి సరుకులు అమ్మే కొట్టు ఉంది, అక్కడ పురుగుమందు కొట్టని గింజ దొరుకుతుందని చెప్పాడు.

కార్తీకమాసం వచ్చింది. గోదావరి స్నానమూ చేసినట్టుంటుంది, సరుకూ తెచ్చుకున్నట్టుంటుందని సీతారావమ్మ ఒక్కతే బస్సెక్కింది. అంతకు కొద్దిరోజుల ముందే తుపాను ముసురు పట్టి వదిలింది. దారి పొడుగునా కోతకు వచ్చిన చేలు ఒరిగిపోయి కనిపించాయి. ఆవిడ వాటిని చూసి అయ్యో అనుకుంది గాని, తాను కొనబోయే దానికీ ఈ చేలకూ సంబంధం ఉందని తట్టలేదు.

కొట్టు గుడికి పోయే దారిలో ఒక సందు మొదట్లో ఉంది. బొజ్జయ్య అనే కోయ పెద్దమనిషిది. బోర్డు లేదు. గుమ్మం ముందు కుంకుడుకాయల గుట్ట, లోపల తేనె సీసాలు, చింతపండు ముద్దలు, ఎండబెట్టిన ఇప్పపూవు, ఉసిరి, రకరకాల గింజలు వెదురు బుట్టల్లో. పట్నం వాళ్ళూ యాత్రికులూ వచ్చి అడవి సరుకు అసలైన సరుకని మురిసిపోతూ కొనుక్కుపోయేవాళ్ళు. ఆ రోజు కూడా పదిమంది దాకా ఉన్నారు.

బొజ్జయ్య ఒక బుట్టలోంచి దోసెడు అరికబియ్యం తీసి చాటలో పోశాడు. నిరుటివి అన్నాడు. సీతారావమ్మ చాటను వెలుతురుకు పట్టి ఒక్క ఊపు ఊపింది. గింజల మధ్యనుంచి నల్లటి పురుగు ఒకటి బయటికొచ్చి, దానికేదో పనున్నట్టు చాట అంచు దాకా నడిచింది. దాని వెనుక మరొకటి.

ఇక చెప్పేదేముంది. ఆవిడ చాటను అందరికీ కనబడేలా పైకెత్తింది. ఆరోగ్యం కోసమని ఇంత దూరం వస్తే పురుగులు అమ్ముతున్నావా అని అడిగింది. కొనబోతున్నవాళ్ళు చేతుల్లోవి కింద పెట్టారు. ఒకాయన తాను కట్టించుకున్న పొట్లం విప్పి చూసుకుని బొజ్జయ్య ముందు పడేశాడు. బొజ్జయ్య ముఖం చిన్నబోయింది. బియ్యంలో రాదా తల్లీ పురుగు, కడిగితే పోతది అని ఏదో నసిగాడు గాని, ఆవిడ గొంతు ముందు ఆ నసుగుడు ఎవరికీ వినపడలేదు.

అప్పుడే ఆవిడ చూపు కొట్టు మూల ఆరబోసిన గింజల మీద పడింది. పట్టా మీద పలచగా పరిచి ఉన్నాయి, పొట్టుతో. కొత్త పంట. ఒక్క పురుగు లేదు. గుప్పెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తొలకరి పడ్డాక నేల వాసన వస్తుందే, అలాంటి వాసన. ఇవి దంచి ఇవ్వమంది.

"అవి వద్దమ్మా. వానల తడిసిన పంట" అన్నాడు బొజ్జయ్య. అందరినీ నువ్వనే పిలవడం అతని అలవాటు. "వచ్చే ఏడాది తినటానికని ఆరబోసిన. మా కొత్తల పండుగ గూడ కాలే. మావోళ్ళెవ్వలు ఇంక ముట్టలే, నువ్వెట్ల తింటవు."

అతను రెండు మాటలు చెప్పాడు. ఒకటి వాన, ఒకటి పండుగ. సీతారావమ్మ చెవికి రెండోదే తగిలింది. కొత్త పంటను దేవరకు పెట్టకుండా కోయవాళ్ళు నోట పెట్టరని ఆవిడ విన్నదే. పాతది అంటగట్టడానికి పండుగను అడ్డం తెస్తున్నాడనుకుంది.

"మీ పండుగ మీది బాబూ. మా ఆయన జబ్బు మీ పండుగ దాకా ఆగుతుందా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

బొజ్జయ్య ఆ గింజలు గంపకెత్తాడు. కొట్టు నిండా జనం, అప్పటికే ఒకసారి పరువు పోయింది. అతని భార్య పెరట్లో ఆ గింజలు దంచి, చెరిగి తెచ్చింది. సీతారావమ్మ ఏరి ఏరి తీసుకుంటుంటే పక్కనుంచి ఒక అమ్మాయి, చంకలో బక్కచిక్కిన పాపతో, జంకుతూ పలకరించింది.

ఆ అమ్మాయి పేరు విశ్రాంతమ్మ. చండ్రుగొండలో చర్చి వెనుక ఇల్లు, భర్త జకర్యా కరెంటు లైన్‌మన్. పాపకు జ్వరం వచ్చి తగ్గింది గాని ఒంట్లో బలం లేదట, దవాఖానాలో చూపించుకుంటే అంబలీ జావా తాగించమన్నారట. "పెద్దమ్మా, నాకు సుత మీరే చూసి పెట్టరాదే. నాకు తెల్వది" అంది.

సీతారావమ్మకు ఇంతకంటే కావలసిందేముంది. గింజ వేళ్ళ మధ్య ఎలా నలపాలో, ముక్కు దగ్గర ఎలా పెట్టుకోవాలో, పంటి కింద ఎలా కొరకాలో ఆ అమ్మాయికి చూపించింది. పురుగుంటే పైసా ఇవ్వకు అని చెప్పింది. తన చేత్తో, తను తీసుకున్న కుప్పలోంచే, ఆ అమ్మాయి సంచి నింపింది. పాప బుగ్గ గిల్లింది కూడా. బస్సులో వెనక్కి వస్తూ, ఇవాళ ఒక మంచి పని చేశానని ఆవిడకు నిజంగానే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అరికన్నం వండింది. కార్తీక సోమవారం గనుక ఆవిడకు ఉపవాసం. వెంకటనారాయణకు వంకాయ పచ్చడీ మజ్జిగా వేసి పెడితే, మెతుకు విడిగా ఉండి బాగుంది అన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. గిన్నెకు అంటుకున్నది గీకి సీతారావమ్మ పెరట్లో కోళ్ళకు వేసింది.

ఆయన అరుగు మీద పడుకున్నాడు. పొద్దు వాలుతుండగా మంచినీళ్ళకు లేవబోయి, లేవలేక స్తంభం పట్టుకున్నాడు. స్తంభం పట్టుకుని కూడా ఊగాడు. ఏమండీ, ఏమైంది అని ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి నవ్వబోయాడు, ఆ నవ్వు పెదవికి ఒక పక్కనే వచ్చింది. ఏదో చెప్పాడు. నాలుక మందంగా తిరిగి ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు వణుకుతున్నాయి. సీతారావమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్కింటి బసవపున్నయ్య వచ్చి పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాడు. మంచి మనిషే, కానీ వంగి ఆయన నోటి దగ్గర వాసన చూశాడు. ఇప్పసారా తాగినవాడు సరిగ్గా ఇలాగే ఉంటాడమ్మా అన్నాడు నెమ్మదిగా. ముప్పై ఏళ్ళ కాపురంలో వక్కపొడి తప్ప ఎరగని మనిషిని అలా అంటే ఆవిడకు ఏడుపొచ్చింది. కాంపౌండరు చెంచురామయ్య వచ్చి నాడి చూసి, చక్కెర పడిపోయి ఉంటుందని పంచదార నీళ్ళు తాగించాడు. తాగినవి తాగినట్టే కక్కేశాడు. ఆ తర్వాత నిద్ర పట్టింది. అది నిద్రో మరొకటో తెలియక ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ మంచం పక్కనే కూర్చుంది.

తెల్లారేసరికి కాస్త తేరుకున్నాడు. కళ్ళు తెరిచి కాఫీ అడిగాడు. సీతారావమ్మ గుండె కుదుటపడింది. కక్కిన కడుపు గదా, తేలికైనది పెడదామనుకుంది. ఇంట్లో ఉన్నవాటిలో తేలికైనదీ, శుభ్రమైనదీ, తను స్వయంగా ఏరి తెచ్చినదీ ఏముంది? అరికెలు నూరి పలచగా జావ కాచి, చల్లార్చి, గ్లాసుడు తాగించింది. ఇంకొంచెం తాగండి, బలం వస్తుందని బతిమాలి మరో గ్లాసు పట్టింది.

పొద్దెక్కేసరికి ఆయన మళ్ళీ ఊగిపోయాడు. ఈసారి నిన్నటికంటే ఎక్కువ. మెడ నిలవడం లేదు, కళ్ళు తేలేస్తున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుంటే ఆ చేతివైపు కొత్తగా చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూసి, అమ్మ వచ్చిందా అని అడిగాడు. ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. వాళ్ళ అమ్మ పోయి పన్నెండేళ్ళు దాటింది.

పోయినవాళ్ళు కనబడుతున్నారంటే ఇక ఎక్కువ సమయం లేదని ఆవిడ చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. బసవపున్నయ్య ట్రాక్టరు కట్టించడానికి పరుగెత్తాడు. ఆవిడ వంటింట్లోకీ మంచం దగ్గరికీ తిరుగుతూ, ఏం తప్పు జరిగిందో వెతుక్కుంది. చేలో పురుగుమందు గాలికి తగిలిందా? బావిలో ఏమైనా పడిందా? వైద్యుడిచ్చిన కషాయమా? పొలం గట్టు తగాదాలో ఎవరైనా ఏమైనా పెట్టారా? తలుచుకున్న ప్రతి మనిషీ ఆ క్షణంలో శత్రువులాగే కనిపించాడు. తన వంటిల్లు ఒక్కటే ఆవిడ అనుమానానికి అందలేదు.

నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళింది. ఎర్రపెట్ట ఒకటి గోడ పక్కన అడ్డంగా నడుస్తోంది. రెండడుగులు వేసి కూలబడింది. లేచి, మెడ వంకర తిప్పి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. అవతల పుంజు ముక్కు నేలకు ఆనించి వణుకుతోంది. కొక్కెర రోగం వచ్చిందా, ఇప్పుడే రావాలా అనుకుంది ముందు. కానీ బుట్ట కింద గుడ్లు పొదుగుతున్న తెల్లపెట్ట తలెత్తి ఆవిడను కోపంగా చూసింది. దానికేం కాలేదు. దానికి విడిగా నూకలు వేస్తోంది. తిరిగే కోళ్ళకు మాత్రం నిన్న అరికన్నం వేసింది, పొద్దున జావ గిన్నె కడిగిన నీళ్ళు పోసింది.

చెంబు అక్కడే వదిలేసింది.

లోపలికి వెళ్ళి అరికెల డబ్బా మూత తీసింది. గింజలు నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒక్క పురుగు లేదు. వాన వాసన. అవి వద్దమ్మా, వానల తడిసిన పంట అన్న బొజ్జయ్య మాట అప్పుడు వినబడింది, పండుగ మాట తీసేస్తే మిగిలిన మాట. వద్దని చెప్పిన మనిషిని జనం ముందు నవ్వులపాలు చేసి, దగ్గరుండి దంచించుకుని, మొగుడికి రెండు రోజులు విషం బతిమాలి పోసింది. ఇంకొంచెం తాగండి అని తానన్న మాట గుర్తొచ్చి నోట్లో కొంగు కుక్కుకుంది.

సత్తుపల్లి దవాఖానాలో డాక్టరు చిన్నవాడు. ఆవిడ దాచకుండా చెప్పింది, డబ్బా కూడా వెంట తెచ్చి చూపించింది. తడిసి కంటికి కనబడని బూజు పట్టిన అరికెలు ఇలా చేస్తాయని చదివాను గాని చూడ్డం ఇదే మొదటిసారి అన్నాడతను. కడుపు శుభ్రం చేసి సెలైను పెట్టారు. ఇక ఆ గింజ లోపలికి పోకుండా ఉంటే మనిషి దక్కుతాడన్నాడు. సాయంత్రానికి వెంకటనారాయణ భార్యను గుర్తుపట్టి, వక్కపొడి తెచ్చావా అని అడిగాడు. ఆవిడ ఏడుస్తూ నవ్వింది.

డాక్టరు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, ఈ గింజ ఇంకెవరైనా తిన్నారా అని అడిగాడు. లేదండీ, నాకు ఉపవాసం అంది. ఆ మాట నోట్లో ఉండగానే బక్కచిక్కిన బుగ్గ ఒకటి కళ్ళ ముందుకు వచ్చింది. తన వేళ్ళు గిల్లిన బుగ్గ.

ఎనభై కిలోల మనిషే ఇలా అయిపోతే, చంకలో ఉన్న పాప ఏమవుతుంది? చీకటి పడ్డాక ఆ అడవి దారిన బస్సు లేదు. భర్త ముఖం చూస్తూ కూర్చుంది గాని ఆవిడకు ఆ ముఖం కనబడలేదు. ఆయనే కనిపెట్టి అడిగాడు. చెప్పింది. ఇక్కడ మిమ్మల్ని వదిలి ఎలా వెళ్ళను అని కూడా అంది.

"నాకు పెట్టినప్పుడు నీకు తెలియదు" అన్నాడు ఆయన నీరసంగా. "ఇప్పుడు తెలిసి ఆగావంటే, అది వేరే సంగతి సీతా. వెళ్ళు."

మొదటి బస్సుకే ఎక్కింది. అడవి మొదలయ్యాక బస్సు అడుగుకొకచోట ఆగినట్టనిపించింది. ఎక్కేవాళ్ళు మేకపిల్లల్తో, కట్టెల మోపుల్తో నెమ్మదిగా ఎక్కేవాళ్ళు. చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు వాళ్ళు టేకు కలప ఉందేమోనని సీట్ల కిందికి వంగి వంగి చూశారు. ఎవరో ఒకరి మీద అరవకుండా ఉండలేని మనిషి, ఆ రోజు ఒక్కరినీ ఏమీ అనలేదు. పాప ఆ జావ ఉమ్మేసి ఉండాలి అని మొక్కుకుంది. పిల్లలు నచ్చనిది ఉమ్మేస్తారు గదా. గింజలు ఎలుక కొట్టేసి ఉండాలి. సంచి బస్సులో మరిచిపోయి ఉండాలి. తాను ఏరి ఇచ్చిన సరుకు ఎవరికీ దక్కకుండా పోవాలని ఆవిడ దేవుణ్ణి కోరుకోవడం జీవితంలో అదే మొదలు.

చండ్రుగొండలో దిగి లైన్‌మన్ ఇల్లెక్కడని అడిగితే, సోడా బండి ముసలాయన ఆవిడను ఎగాదిగా చూశాడు. జకర్యా ఇంటికా, పాపకు బాగలేదని నిన్న ప్రార్థన పెట్టిన్రు, చుట్టాలా అన్నాడు. చర్చి వెనుక దాకా ఆవిడ ఎలా నడిచిందో తెలియదు.

ఇంటి ముందు చెప్పులు లేవు, ఏడుపు వినబడలేదు. తలుపు తీసే ఉంది. విశ్రాంతమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాప. మెడ వేలాడుతోంది, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. తల్లి ఎడమచేత్తో ఆ తల నిలిపి పట్టుకుని, కుడిచేత్తో చెంచా పాప పెదాల మధ్య పెడుతోంది. పక్కన గిన్నెలో జావ.

"పెద్దమ్మా, మీరా" అంది విశ్రాంతమ్మ. ఆ ముఖంలో నిద్ర లేదు, అయినా సంతోషం వచ్చింది. "చూడుండ్రి పెద్దమ్మా, మళ్ళ గిట్లయింది. ఏది పెట్టినా ఇముడుతలేదు. మీరు ఏరిచ్చిన అరికెల జావ ఒక్కటే పొద్దుమాపు పోస్తున్న, బలం పట్టాలె గదా."

సీతారావమ్మ గబగబా లోపలికి వచ్చింది. వంగి గిన్నె మీద అరచెయ్యి బోర్లించింది. జావ వెచ్చగా తగిలింది. పొయ్యకమ్మా, గింజ మంచిది కాదు, మా ఆయనకూ ఇలాగే అయింది అని ఎలాగో చెప్పింది.

విశ్రాంతమ్మ నమ్మలేదు. పాపను భుజాన వేసుకుని లేచి డబ్బా తెచ్చింది. గింజలు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకటి పంటి కింద వేసి కొరికింది. మొన్న బొజ్జయ్య కొట్లో చూపించినట్టే, ఒక్కటీ తప్పకుండా. ఆ వేళ్ళలో సీతారావమ్మ తన వేళ్ళను చూసుకుంది. ఆవిడకు అంత భయం, మొగుడు గుమ్మం వైపు చూసి అమ్మ వచ్చిందా అని అడిగినప్పుడు కూడా కలగలేదు.

"పురుగు లేదు గద పెద్దమ్మా" అంది విశ్రాంతమ్మ. "మీరు చెప్పినట్టే చూసిన గద."

"నేను తప్పు ఏరాను తల్లీ. ఈ గింజ నాకు తెలియదు. తెలిసినట్టు ఏరి ఇచ్చాను."

విశ్రాంతమ్మ చేతిలో గింజలు నేల మీదికి జారాయి. తర్వాత పాపను గుండెకు హత్తుకుని, నా చేత్తోనే పోసిన, వద్దని మూతి తిప్పితే ముక్కు మూసి పోసిన అని గొణిగింది. ఎవరితోనూ అన్నది కాదు అది.

జకర్యా పరుగెత్తి డిపార్ట్‌మెంటు జీపు తెచ్చాడు. దారిలో పాపకు రెండుసార్లు ఫిట్స్ లాగా వచ్చింది. కొత్తగూడెం దవాఖానాలో లోపలికి తీసుకుపోయారు. అక్కడ కూడా గింజ సంగతి సీతారావమ్మే చెప్పింది, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. వరండాలో ఒక మూల నిలబడిపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు, తనకై తాను కూర్చోబుద్ధి కాలేదు. లోపల ఏ పిల్ల ఏడ్చినా ఆ పాపేనేమో అనుకుంది. ఏడిస్తే బాగుండుననుకుంది.

సాయంత్రం పాప ఏడ్చింది. గట్టిగా, ఆకలేసిన ఏడుపు. నర్సు బిస్కెట్టు పాలలో ముంచి పెడితే తిన్నది. విశ్రాంతమ్మ పాపను వరండాలోకి తెచ్చి గాలికి అటూ ఇటూ తిప్పుతోంది. మెడ నిలిచింది. కళ్ళు మనుషుల్ని వెతుక్కుంటున్నాయి. సీతారావమ్మ ప్రాణం లేచొచ్చి, ఒకసారి ఇలా ఇవ్వమ్మా అని రెండు చేతులూ చాపింది.

విశ్రాంతమ్మ ఆ చేతుల వైపు చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. పాపను రెండో భుజం మీదికి మార్చుకుని, నెమ్మదిగా అవతలి వైపు నడిచింది. సీతారావమ్మ చాపిన చేతులు కొంగులో చుట్టుకుని, బస్సు వేళయిందని జకర్యాతో చెప్పి వచ్చేసింది.

సంక్రాంతి పోయాక వెంకటనారాయణ తిరిగి పొలం వెళ్ళగలిగాడు. వైద్యుడు మళ్ళీ అదే మాట అన్నాడు, తెల్లన్నం వద్దని. ఆవిడ చాలా రోజులు సాగదీసింది. చివరికి ఆయనే, పద నేనూ వస్తానని భద్రాచలం బయలుదేరదీశాడు.

బొజ్జయ్య ఆవిడను గుర్తుపట్టాడు. మూల పట్టా లేదు. ఆ గింజలు ఆ మర్నాడే అటక మీదికి ఎక్కించేశానని చెప్పాడు. జరిగింది సీతారావమ్మ చెబుతుంటే తల వంచుకుని విన్నాడు.

"నువ్వు గట్టిగ అన్నవు. నేను గట్టిగ అనలేకపోయిన" అన్నాడు. "అమ్మకుండ ఉండాల్సింది. జనం ముంగట సిగ్గయింది నాకు."

పాత బుట్టలోంచి దోసెడు తీసి, పురుగు తిని బతికిన గింజ ఇది అని చాటలో పోశాడు. సీతారావమ్మ చాట అందుకుంది. ఊపలేదు. వెలుతురుకు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడింది. గింజలు కదలలేదు. వెనుక జనం తోసుకుంటున్నారు, కానివ్వమ్మా అంటున్నారు. వెంకటనారాయణ ఏదో హాస్యమాడబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

చాలాసేపటికి గింజల మధ్యనుంచి నల్లటి పురుగు ఒకటి తల బయటపెట్టింది. కాస్త ఆగి, చాట అంచు వైపు తిన్నగా నడిచింది. తూలలేదు.

పక్కనున్న ఆవిడ తొంగి చూసి, పురుగుందండీ అందులో అని హెచ్చరించింది.

"ఉంది" అంది సీతారావమ్మ. కళ్ళు తుడుచుకుని సంచి చాపింది.